రెండో నోరు

ముందుగా ఒక మాట. ఇందులో ఒత్తులు, దీర్ఘాలు అటూ ఇటూ అయివుంటే మన్నించండి. అక్షరాలు నాకు పెద్దతనంలో కలిసిన చుట్టాలు, ఇంకా అంత చనువు కుదరలేదు. ఒక్కో పేజీకి ఒక్కో పూట పడుతుంది. మీరూ కాస్త నెమ్మదిగా చదివితే ఇద్దరం కలిసి నడిచినట్టుంటుంది.

పేట లైబ్రరీ మేడమీద హాల్లో నెలకోసారి, సాయంత్రంపూట, ఆడవాళ్ళు చేరతారు. ఈ ఊరికి ఏదో ఒకటి చేసిపెట్టి, ఏ వీధి బోర్డుకీ ఎక్కకుండా వెళ్ళిపోయిన ఆడవాళ్ళ గురించి ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు వింటారు. లారీ నడిపినావిడ, వరదల్లో పడవ వేసినావిడ, పురుడంటే చాలు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తినావిడ, ఇలా చాలామంది కథలు అక్కడ చెప్పుకున్నారు. లైబ్రరీ చూసుకునే అమ్మాయి ప్రతి కథనీ ఫోన్లో రికార్డు చేసి దాచిపెడుతుంది. కావలసినవాళ్ళు కింద గదిలో కూర్చుని ఎప్పుడైనా వినొచ్చు.

అయితే దాచడానికి ఒక నియమం ఉంది. మొదట్లో ఉండేది కాదు. కబుర్ల పిన్ని అని ఒకావిడ వాళ్ళ నాయనమ్మ కథ చెప్పింది. ఆ నాయనమ్మ ఇద్దరు మగపిల్లల్ని రైలు ప్రమాదంలో పోగొట్టుకుని, గుండె రాయి చేసుకుని, రాళ్ళు మోసి బడి కట్టించింది. హాలంతా ముక్కులు చీదుకుంది. అంతా అయ్యాక వెనక వరసలోంచి ఎవరో అడిగారు, "ఇంతకీ ఇంటర్వెల్ తరవాత ఆ అన్నదమ్ములు కలుసుకుంటారు కదా పిన్నీ?" అని. అంతవరకూ ఏడ్చినవాళ్ళు అప్పుడు నవ్విన నవ్వుకి ఫ్యాను చప్పుడు కూడా వినపడలేదు. ఆ రోజునుంచి రెండో నోరు ఉండి తీరాలన్నారు. చెప్పేది ఒక నోరు. ఆ మనిషిని కళ్ళారా చూసినవాళ్ళు హాల్లో ఇంకొకరు లేచి "నేనూ చూశాను" అనాలి, అది రెండో నోరు. రెండో నోరు దొరక్కపోతే కథ వింటారు గాని దాచరు.

టైలరమ్మ మొదటినుంచీ ఈ హాలుకి వస్తుంది. ఎన్నడూ చెప్పలేదు. మెట్లకింద మిషను పెట్టుకుని, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, వచ్చినవాళ్ళ మాటలకి ఊఁ కొట్టడం అలవాటైన మనిషి. ఆవిడ చేత నోరు తెరిపించింది మార్కెట్టు. పాత మార్కెట్టు పడగొట్టి కట్టిన అంతస్తుల దుకాణంలో ఈమధ్య గోడనిండా పాత ఫొటోలు పెట్టారు. జిప్పులు కొనడానికి వెళ్ళి చూసింది. కాంట్రాక్టరున్నాడు, ఛైర్మనున్నాడు, మూటలు మోసేవాళ్ళ మేస్త్రీ ఉన్నాడు. బండి లాగే ఎద్దు కూడా ఉంది, కింద దాని పేరుతో సహా. టైలరమ్మ అత్తగారు లేదు.

అత్తగారు పాత మార్కెట్టులో ఆడవాళ్ళ మరుగుదొడ్డి చూసుకునేది. ఆవిడ రాకముందు ఆ గదికి తలుపుంది గాని లోపల గడియ లేదు, దీపం లేదు. మగవాళ్ళు తోసుకుని వచ్చేసేవాళ్ళు. అందుకని కూరగాయలమ్మే ఆడవాళ్ళు తెల్లవారకముందు వచ్చినవాళ్ళు వచ్చినట్టే, ఇంటికి పోయేదాకా గుక్కెడు నీళ్ళు తాగేవాళ్ళు కాదు. ఎండకి సొమ్మసిల్లేవాళ్ళు, పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరిగేవాళ్ళు, ఆఖరికి బేరాలు మగవాళ్ళకి వదిలేసి మధ్యాహ్నానికే ఇంటిదారి పట్టేవాళ్ళు. అత్తగారు ఊడవడానికి కుదిరాక ఆ తలుపుకి లోపల గడియ వచ్చింది, బల్బు వెలిగింది, బయట ఎత్తుపీట మీద ఆవిడ కూర్చుంది. ఆ తరవాతే ఆడవాళ్ళు కడుపునిండా నీళ్ళు తాగి, దీపాలు పెట్టేదాకా నిలబడి అమ్మారు. ఎద్దుకి గోడమీద చోటున్నప్పుడు ఈవిడకి ఫోన్లోనైనా చోటుండొద్దా అనిపించింది టైలరమ్మకి.

మరి రెండో నోరెవరు? అత్తగారి ఈడువాళ్ళు ఎప్పుడో దాటిపోయారు. భర్త ఉంటే ఆయనే లేచి నిలబడేవాడు, ఆయనా లేడు. మిగిలింది ఆడపడుచు ఒక్కతే. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరైంది. ప్రతి నెలా హాలుకి వస్తుంది, వియ్యపురాల్ని వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుంటుంది.

టైలరమ్మ వాళ్ళింటికి వెళ్ళేసరికి వదిన దుప్పట్లు మడత పెడుతోంది. పలకరింపుకి బదులు ఒక కొస ఈవిడ చేతికిచ్చింది.

"వదినా, వచ్చే నెల నేను చెబుదామనుకుంటున్నా."

"నువ్వా? దేని గురించే, బొత్తాల గురించా?"

"అత్తయ్య గురించి."

వదిన చేతిలో దుప్పటి ఆగిపోయింది. "అమ్మ మార్కెట్టు ఆఫీసులో పనిచేసింది. అందులో చెప్పడానికేముంది?"

"ఆఫీసులో కాదు కదా వదినా."

"ఆఫీసుకి ఆనుకునే ఉండేది."

"గోడకి ఆనుకుంటే ఆఫీసైపోతుందా? ఆ లెక్కన నా మిషనూ బ్యాంకే. గోడ అవతల బ్యాంకుంది."

"వేళాకోళాలు ఆపు. మావాడి పెళ్ళప్పుడు అదే చెప్పుకున్నాం. వియ్యపురాలు ఇప్పటికీ 'మీ అమ్మగారి రోజుల్లోనే ఉద్యోగం అంటే మాటలా' అంటుంది. ఆవిడ పక్కన కూర్చుని, దొడ్డి ఊడ్చేదాని కూతుర్నని హాలందరితో కలిసి వినాలా నేను?"

"అత్తయ్య ఎన్నడూ దాచలేదే."

"అమ్మకి సిగ్గులేదు. తన వాటా సిగ్గు కూడా నాకే ఇచ్చిపోయింది." దుప్పటి లాక్కుని తనే మడిచింది. "నువ్వు చెప్పావనుకో, ఇక మా ఇంటివైపు రాకు. తమ్ముడెలాగూ పోయాడు, మరదలు కూడా లేదనుకుంటా."

టైలరమ్మ చెప్పులు వేసుకుని వచ్చేసింది. ఆవిడకి ఒళ్ళు వెచ్చబడితే మాత్రలు పట్టుకొచ్చి, తిట్టి, మింగించి వెళ్ళే మనిషి ఈ ఊళ్ళో వదిన ఒక్కతే. చెబితే వదిన పోతుంది. చెప్పకపోతే అత్తగారు పోతుంది, ఈసారి మళ్ళీ రాకుండా. మిషను తొక్కుతూ ఆలోచించింది, కాజాలు కుడుతూ ఆలోచించింది. చివరికి తన పనిలో ఉన్న ఉపాయమే తట్టింది. బట్టమీద మరక పడినా, కత్తెర పక్కకి పోయినా టైలరమ్మ గాభరాపడదు. అక్కడొక లేసు వేసి కుట్టేస్తుంది. కట్టుకున్నవాళ్ళు ఆ లేసే బాగుందంటారు. కథ కూడా అలాగే చెబితే వదినకి గుచ్చుకోదనుకుంది.

ఆ సాయంత్రం హాలు నిండుగా ఉంది. మరదలు ధైర్యం చేయదన్న నమ్మకంతో కాబోలు, వదిన ఎప్పటిలాగే ముందు వరసలో, వియ్యపురాలి పక్కన కూర్చుంది. టైలరమ్మ లేచి ముందుకు రాగానే వదిన మొహం పక్కకి తిప్పుకుంది.

టైలరమ్మ చెప్పింది. ఎవరి తల్లో, ఎవరి అత్తో అనలేదు. "పాత మార్కెట్టులో ఒకావిడ ఉండేది" అని మొదలుపెట్టి, నీళ్ళు తాగని ఆడవాళ్ళ గురించీ, గడియ లేని తలుపు గురించీ చెప్పింది. అంతవరకూ హాలు కదలకుండా విన్నది. తరవాత లేసు మొదలైంది. ఆవిడ ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండేదట. ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదట. మెత్తగా అడిగితే పెద్దలు సంతోషంగా గడియ వేయించారట. ఆ గదిలో అడుగుపెడితే సబ్బు వాసన గుప్పుమనేదట. చెబుతుంటే టైలరమ్మకే ఎవరో తెలియని ఒకావిడ కళ్ళముందు కనబడసాగింది, తెల్లగా, ఉతికి ఆరేసినట్టు. గబగబా ముగించేసింది.

"ఆవిడ్ని చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది లైబ్రరీ అమ్మాయి.

ఎవరూ లేవలేదు. టైలరమ్మ ముందు వరసవైపు చూడకూడదని ముందే అనుకుంది, చూడలేదు. తలవంచుకుని నిలబడింది. లైబ్రరీ అమ్మాయి కాసేపు ఆగి, ఫోను ఆపడానికి చెయ్యి చాపింది.

"నవ్వుమొహమా?"

వదిన గొంతు. లేవలేదు, కూర్చునే అడిగింది. "ఏమే మరదలా, మా అమ్మది నవ్వుమొహమా? ఎవరమ్మ గురించి చెబుతున్నావు నువ్వు?"

హాలంతా ముందు వరసవైపు తిరిగింది. వదిన అది గమనించే స్థితిలో లేదు.

"సబ్బు వాసనట! ఫినాయిల్ వాసన. ఎంత తోమినా చేతుల్లోంచి పోయేది కాదు. బస్సులో పక్కవాళ్ళు లేచి వేరే సీటుకి పోయేవాళ్ళు. 'పోనీలే, కాళ్ళు చాపుకోవచ్చు' అనేది. పల్లెత్తు మాట అనేది కాదట! ఎవరైనా నీళ్ళు పోయకుండా బయటికొస్తే, అది ఛైర్మన్ పెళ్ళామైనా సరే, చెయ్యి పట్టి లోపలికి లాగి, బకెట్టు అందించి పోయించేది. ఇక గడియ! పెద్దలు వేయించారా? ఆ పెద్దలు ఇవాళా రేపూ అని తిప్పారు. అమ్మ మా ఇంట్లో చెక్కపెట్టెకున్న గడియ పీక్కొచ్చి, రాయి పెట్టి తనే కొట్టింది. బొటనవేలు చితికిపోయింది. ఆ గోరు మళ్ళీ సరిగ్గా రానేలేదు. ఆ చేత్తో వడ్డించగా ఇన్నేళ్ళు తిన్నావు, ఆ వేలు చూడలేదూ?"

"చూశాను వదినా," అంది టైలరమ్మ. "చెబితే మీకు బాగుండదని..."

"బాగుండదని! వేలు కత్తిరించేసి మా అమ్మకి నవ్వు కుడతావా?"

అప్పుడు వదినకి తెలిసింది తనేమందో. మా అమ్మ, మా అమ్మ అని ఎన్నిసార్లు అందో. పక్కకి తిరిగింది. వియ్యపురాలు ఆవిడనే చూస్తోంది.

"ఆఫీసన్నారు కదండీ," అందావిడ నెమ్మదిగా.

వదిన పెదాలు కదిలాయి. ఇంకా మార్గం ఉంది. ఆఫీసులో పనిచేస్తూ అది కూడా చూసుకునేదని అనొచ్చు. హాల్లో ఎవరూ నిలదీయరు. కుర్చీ చేతులమీద రెండు చేతులూ ఆనించి, బరువుగా లేచి నిలబడింది.

"అన్నాను. ఆఫీసు కాదు. మరుగుదొడ్డి. అదే మా అమ్మ పని. సెలవుల్లో నేనూ ఆ పీటమీద కూర్చుని నీళ్ళు అందించేదాన్ని." లైబ్రరీ అమ్మాయివైపు తిరిగింది. "నేనూ చూశాను. రాసుకుంటావో, దాచుకుంటావో నీ ఇష్టం."

వియ్యపురాలు సంచి తీసుకుంది. "పిల్లలు ఎదురుచూస్తుంటారు," అని ఎవరికో చెప్పినట్టు చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడ చెప్పుల చప్పుడు కింది మెట్టుదాకా వినబడింది.

లైబ్రరీ అమ్మాయి ఇబ్బందిగా ఫోను చేతిలో పట్టుకుంది. "రెండు నోళ్ళయితే ఉన్నాయి. కానీ రెండూ ఒకటే చెప్పడం లేదు. ఏది ఉంచమంటారు?"

"రెండూ ఉంచవే," అంది కబుర్ల పిన్ని. "నా కథలో ఎవరూ అడ్డం రాలేదు, అందుకే దొరికిపోయా. ఇంత పోట్లాట ఉందంటే ఇది నిజంగా జరిగిందే."

నవ్వులయ్యాయి, కుర్చీలు మడిచారు, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. లైబ్రరీ అమ్మాయి ఫ్యాన్లు ఆపుతుంటే వదిన మాత్రం ముందు వరసలో అలాగే కూర్చుంది. టైలరమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"కోపమొచ్చిందా వదినా?"

"రాకేం? ఇప్పట్లో పోదు కూడా. ఆవిడ ఇవాళే నా కోడలికి ఫోన్ చేస్తుంది. నా కొడుకు 'ఎందుకమ్మా నాకు కూడా చెప్పలేదు' అంటాడు. ఏం చెప్పాలో నాకింకా తోచడంలేదు. అంతా నీ పుణ్యం."

వదిన చీరకుచ్చిళ్ళు సర్దుకుని, పక్కనున్న ఖాళీ కుర్చీని చేత్తో తట్టింది.

"నిలబడ్డావేం, కూర్చో. ఆ పిల్లని ఫోను మళ్ళీ పెట్టమను. గడియ పడ్డ మొదటిరోజు ఏం గొడవ జరిగిందో నీకు తెలీదు. అప్పటికి నువ్వీ ఇంటికి రాలేదు."

టైలరమ్మ కూర్చుంది. వదిన గొంతు సవరించుకుంది. పోస్టాఫీసు కౌంటరు వెనకనుంచి వరసలో ఆఖరివాడికి కూడా వినపడేలా పిలిచే గొంతుతో, తల్లి గురించి మొదటినుంచీ చెప్పసాగింది.

— ఇస్త్రీ పెద్దమ్మ. వయసు డెబ్భై ఒకటి. ఇప్పుడు ఉండేది చిన్నకూతురింట్లో, లైబ్రరీ వెనక వీధిలో, వీధివైపు గదిలో.