ఆ ప్రార్థనలో నా పేరు

"గురువారం నాడు దుప్పట్లు ఉతికావే?" అంది మా అత్తగారు గుడ్రున్, కింది వాటా గుమ్మంలో నిలబడి. నోట్లో క్లిప్పులు పెట్టుకుని తీగ మీద దుప్పటి ఆరేస్తున్నాను కాబట్టి జవాబు చెప్పే పని తప్పింది. "ఓద్వార్ ఇంటికొస్తే నీకు ఉతుకుడు ఎక్కువవుతుందిలే," అని తనే జవాబు చెప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. మా ద్వీపంలో దుప్పట్లు సోమవారం ఉతుకుతారు. గురువారం ఉతికితే చుట్టుపక్కల నాలుగిళ్లకీ సంగతి తెలిసిపోతుంది. పడవ దిగిన మగవాడు దర్జాగా దుకాణానికి వెళ్తాడు. తల దించుకోవాల్సింది తీగ దగ్గరున్న ఆడది.

నా భర్త ఓద్వార్ మూడు వారాలు సముద్రం మీద చేపల వేటలో ఉంటాడు, రెండు వారాలు ఇంట్లో. నేను రేవు పక్కన చేపల ఫ్యాక్టరీలో కాడ్ చేపలకు ముళ్లు తీస్తాను. పని దిగి వచ్చాక పై వాటాకీ కింది వాటాకీ వంట. ఆదివారం ప్రార్థనా మందిరంలో డెబ్భై కప్పులు కడగడం. వాక్యం చెప్పేది మగవాళ్లు, కప్పులు కడిగేది మేము. ఫ్యాక్టరీలో తోటివాళ్లు కత్తులు నూరుకుంటూ మొగుళ్ల గురించి ఏవేవో చెప్పుకుని పొట్ట పట్టుకుని నవ్వుతారు. నేను దగ్గరికి వెళ్లగానే "మందిరం ఆవిడొచ్చింది" అని సర్దుకుంటారు. ఆ నవ్వులో కాసేపు కూర్చోవాలని నాకెంత ఉండేదో వాళ్లకు తెలియదు.

ఓద్వార్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది ఎవరూ సరిగ్గా వినరు. తాగడు, గొంతు పెంచడు, పిల్లలు పుట్టినప్పుడు ప్రతిసారీ ఏడ్చాడు. అత్తగారు మందిరంలో కుట్టుపనికి వెళ్లే బుధవారం మధ్యాహ్నాలు మావి. కర్టెన్లు వేసేవాడు. అంతా అయ్యాక మంచం దిగి, నాకు వీపు తిప్పి, మోకాళ్లూని ప్రార్థించేవాడు. "ప్రభువా, నా బలహీనతను క్షమించు. శరీరానికి లొంగిపోయాను. నన్ను కడుగు." అంతే. లేచి పడుకునేవాడు, కడిగిన గిన్నెలా తేలికపడి. ఆ బరువేదో ఇటు, నా పక్కకు వచ్చిపడేది. నేను లేచి స్నానాల గదిలో ఒళ్లు ఎర్రబడేదాకా వేడినీళ్లు పోసుకునేదాన్ని. తర్వాత కాఫీ పెట్టేదాన్ని.

మొదటిసారి నాకు అర్థం కాలేదు. ఇరవై రెండేళ్లు నాకు. చలికి బిగుసుకున్న చేతులు పొయ్యి దగ్గర పెట్టినప్పుడు ఉంటుందే, ఒళ్లంతా అలా ఉంది. అతను మోకరిస్తుంటే దేవుడికి కృతజ్ఞత చెబుతున్నాడనుకున్నాను. నేనూ దుప్పటి కింద చేతులు జోడించాను. అప్పుడు వినబడింది, క్షమించు అని. జోడించిన చేతులు మెల్లగా విడదీసుకుని ఇరుపక్కలా పెట్టుకున్నాను. ఆ ప్రార్థనలో నా పేరు బలహీనత. ఇరవై నాలుగేళ్లుగా అదే పేరు. పిల్లల కోసమనే సాకు ఉన్నన్నాళ్లు ప్రార్థన చిన్నదిగా ఉండేది. ముగ్గురయ్యాక ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. అప్పట్నుంచీ ప్రార్థన పొడుగైంది.

మా పెద్దమ్మాయి సిగ్నే పెళ్లి జూన్‌లో, ఎరిక్‌తో. "పెళ్లికూతురితో మాట్లాడాల్సినవి తల్లే మాట్లాడాలి," అని అత్తగారు రెండుసార్లు గుర్తుచేసింది. నాకు మా అమ్మ చెప్పింది ఒక్కటే మాట: కళ్లు మూసుకో, అయిపోతుంది. అంతకంటే మంచిది ఏం చెప్పాలో వారం రోజులు ఆలోచించాను. ముళ్లు తీస్తూ ఆలోచించి రెండుసార్లు వేలు కోసుకున్నాను. చివరికి తను పట్నం నుంచి వచ్చిన ఒక శనివారం వంటింట్లో ఇద్దరం బంగాళదుంపలు ఒలుస్తుంటే, "నువ్వేమైనా అడగాలంటే..." అని మొదలుపెట్టాను.

సిగ్నే తలెత్తలేదు. "ఒకటి అడుగుతాను, కోప్పడకు. నాకు ఏడేళ్లప్పుడు జ్వరమొచ్చి స్కూలుకి వెళ్లలేదు. నిద్రపోయాననుకున్నారు మీరు. గోడవతల నాన్న ప్రార్థన వినిపించింది, ఆ వెంటనే నువ్వు ఎంతసేపో నీళ్లు పోసుకోవడం కూడా. నువ్వేం తప్పు చేశావమ్మా అప్పుడు?"



నాకేదో జబ్బు చేసిందనుకుందట. బలహీనత అంటే జబ్బేనని, నేను చచ్చిపోతానేమోనని, ఆ ఏడాదంతా రోజూ లేవగానే మా గదిలోకి తొంగిచూసేదట. పెద్దయ్యాక అర్థమైందట. "ఎరిక్ కూడా మందిరం పిల్లాడే. రేపు అతనూ అలా మోకరిస్తే నేనేం చెయ్యాలి?"

కళ్లు మూసుకో అని చెప్పలేకపోయాను.  చేతిలో దుంపను ఒలుస్తూనే ఉన్నాను, అది గోళీకాయంత అయ్యేదాకా. సిగ్నే నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

ఆ తర్వాత ఓద్వార్ పడవ వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు. తుడిచిన నేలే తుడిచాను. దేవుడితో పోట్లాడాను. నువ్వే కదా పెళ్లినాడు అందరి ముందూ మమ్మల్ని దీవించింది, మళ్లీ ప్రతి బుధవారం క్షమించేదేమిటి అని. దీవించినదాన్నే క్షమించమంటే నీకు మాత్రం విసుగు రాదా అని. అలా అడగడం పాపమని అనిపించలేదు. అలా అనిపించకపోవడమే వింతగా ఉంది.

బుధవారం వచ్చింది. కర్టెన్ వెయ్యబోతే వద్దన్నాను. అతనికి ఇబ్బందిగానే ఉంది, కానీ వెయ్యలేదు. అయ్యాక ఎప్పటిలాగే కాళ్లు కింద పెట్టాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు. ఇవాళ మోకరించకు."

"రాగ్నా, వదులు."

"నువ్వు క్షమాపణ అడిగేది నా గురించే ఓద్వార్. పక్కనే ఉండి వింటున్నాను, ఇరవై నాలుగేళ్ల నుంచి. సిగ్నే కూడా వింది."

 అతను గోడవైపు చూస్తూ అన్నాడు. "మా నాన్న కూడా చేసేవాడు. కింది గదిలోనే. నాకూ వినబడేది. మంచి భర్త అలాగే చేస్తాడనుకున్నాను."

గురువారం ఉతుకు సంగతి ఎత్తిపొడిచిన ఆ ముసలావిడ, కింది గదిలో, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, భర్త తన గురించే క్షమాపణ వేడుకోవడం వింటూ పడుకున్న పడుచుపిల్లగా నాకు కనబడింది. కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. 

"మీ అమ్మకి ఎలా ఉండేదో ఎప్పుడైనా ఆలోచించావా?"

లేదన్నట్టు తల ఊపాడు.

"దేవుణ్ణి అన్నిసార్లు అడిగావు. నన్ను ఒక్కసారైనా ఏమైనా అడిగావా?"

చేప ఎక్కడుందో నీళ్ల రంగు చూసి చెప్పగలిగే మనిషి, ఏమడగాలో తెలియక నా ముఖంలోకి చూశాడు. పగటి వెలుగులో, తప్పుకోకుండా. పెదవులు తడుపుకున్నాడు.

"నీకు... నీకు ఎలా ఉంటే బాగుంటుంది?"

మర్నాడు సిగ్నేకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను, సిగ్గుపడకుండా కాదు, సిగ్గుపడుతూనే.  అంతా విని, "నాన్న అడిగితే నువ్వేం చెప్పావమ్మా?" అంది.

"నాకు తెలియదన్నాను," అన్నాను. "నలభై ఆరేళ్లొచ్చాయి, ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. తెలుసుకుని చెబుతానన్నాను."