బ్రేకు తీగ ఉన్న పెట్టె

మా ఆయన వంకాయలు కొనే తీరు పగవాళ్లకు కూడా వద్దు. సంచి తెరిచి పట్టుకుంటారు, అంగడివాడు ఏది వేస్తే అది. పుచ్చేమో చూడరు, ముదురేమో చూడరు. పెళ్లిచూపుల్లో కూడా కాఫీ చల్లారకముందే సరేనని లేచారు. దాని ఫలితం నేను. అట్లాంటి మనిషి అరచేతిలో పట్టే ఒక పెట్టె కొనడానికి వానాకాలమంతా తీసుకున్నారు. వానాకాలమనేది మాట వరసకే. 2008లో మా సోమందేపల్లె వైపు వాన ముఖం చాటేసింది. శెనక్కాయ చెట్లు ఊడలు దిగకుండానే ఎండిపోయాయి.

పెట్టె సంగతి చెప్పాలి. మా ఆయన శశికుమార్‌కు గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్ ఉంది. రోజంతా రాళ్ల దుమ్ము. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రం బెంగళూరు స్నేహితులతో చెన్నై దగ్గరి రేసు ట్రాక్‌కు పోయి, పాత ఎస్టీమ్ కారును చుట్లు తిప్పి వస్తారు. పందెం కాదు, కప్పు లేదు. టైర్లు అరగదీసుకుని సంతోషంగా తిరిగి రావడమే. కారు ఏ మలుపులో ఎంత వేగంతో పోయిందో గుర్తుపెట్టుకునే పెట్టె ఒకటి ఉంటుందట, డేటా లాగర్ అంటారు. అది ఉంటే ఎక్కడ వెనకబడుతున్నామో తెలుస్తుందట. ఎక్కడ వెనకబడుతున్నారో పెళ్లాన్ని అడిగితే ఊరికే చెబుతుంది, కానీ దాన్ని ఎవరడుగుతారు?

ఇక కుళ్లాయప్ప. హైవే పక్కన అతని షెడ్డు. లారీల దగ్గర్నుంచి మా కారు దాకా బ్రేకు పనంటే అతనిదే. అతనికొక నియమం ఉండేది. బ్రేకు విప్పి బిగించిన బండి మొదటిసారి కదిలితే తాను పక్కన కూర్చోవాలి. "నా పని మీద నాకే నమ్మకం లేకుంటే ఇంగొకడు ఎట్ల ఎక్కుతాడు?" అనేవాడు. ఆ ఏడాది జనవరిలో చెన్నైకి తోడుపోయి, ట్రాక్ దగ్గరే బ్రేకు ప్యాడ్లు మార్చి, అదే నియమం ప్రకారం హెల్మెట్ పెట్టుకుని మా ఆయన పక్కన కూర్చున్నాడు. తిన్నని దారి చివర కారు మలుపు తిరక్కుండా పోయి గోడకు కొట్టుకుంది. మా ఆయనకు నుదుటి మీద చిన్న గాటు. కుళ్లాయప్పకు ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

"బ్రేకు పట్టలేదు" అన్నారు మా ఆయన. కారు ముందు భాగం నుజ్జయి బ్రేకు గొట్టాలన్నీ తెగిపోవడంతో, విప్పి చూసేందుకు ఏమీ మిగల్లేదు. ఆసుపత్రి ఖర్చంతా మేమే భరించాం. తప్పు చేసినవాడికి ఇంత చేసినాడే శశన్న అని ఊరు మెచ్చుకుంది. లారీలు కుళ్లాయప్ప షెడ్డు దాటిపోయి ఎక్కడో ముందర ఆగడం మొదలుపెట్టాయి. అన్నింటికన్నా ఘోరం, కుళ్లాయప్ప కూడా ఆ మాట నమ్మాడు. "బ్రేకు నూనె గొట్టంలో గాలి నిలిచిపోయినట్టుండాదక్కా" అన్నాడు నాతో, తలొంచుకుని.

ఎస్టీమ్‌ను బెంగళూరులో బాగు చేయించారు. ఈ చలికాలం మళ్లీ ట్రాక్‌కు పోవాలి, ఈసారి పెట్టెతో. హిందూపురం నెట్ సెంటర్‌లో తీసిన కాగితాలు తెచ్చి నా ముందు పోశారు. నాది బీఎస్సీ ఫిజిక్స్. పెళ్లయినప్పటి నుంచి దాంతో ప్రెషర్ కుక్కర్ నడుపుతున్నాను.

చివరికి మూడు పెట్టెలు మిగిలాయి. మొదటిది ఉపగ్రహాల సాయంతో వేగం, చుట్టుకు పట్టిన సమయం చెబుతుంది. రెండోదానికి కెమెరా కూడా ఉంది. మూడోదాని తీగను బ్రేకు గొట్టానికి తగిలిస్తే, పెడల్ మీద కాలు ఎప్పుడు పడింది, ఎంత గట్టిగా పడింది గీత గీసి చూపిస్తుంది. వేగం ఒక్కటే చూస్తే కారు ఆగలేదని తెలుస్తుంది, ఎందుకు ఆగలేదో తెలియదు. ఆ తీగ చెబుతుంది.

"మూడోదే మేలు" అన్నాను.

"బరువెక్కువ."

"దోసకాయంత కూడా లేదు."

"తీగలు ఎక్కువ. తలనొప్పి."

"అయితే రెండోది?"

"కెమెరా ఎందుకే? నా ముఖం ఎవరు చూడల్ల?"

"అదీ నిజమే" అన్నాను.

మంచి వస్తువును వద్దనడానికి మనిషికి ఇన్ని కారణాలు దొరకడం నాకు వింతగా తోచింది. ఇల్లు ఊడ్చినప్పుడల్లా కాగితాలు సర్దేటప్పుడు మూడోదాని కాగితం పైకి వచ్చేటట్టు పెట్టేదాన్ని. సాయంత్రానికి అది అడుక్కు పోయేది.

దసరా పోయాక ఒక మధ్యాహ్నం మా వాకిట్లో ఆటో ఆగింది. కుళ్లాయప్ప కర్ర ఊతంతో దిగాడు. అతని భార్య గంగాదేవి ట్రంకుపెట్టె పక్కనే కూర్చుని ఉంది.

"షెడ్డు మూసేస్తినక్కా. బెంగళూరులో అపార్ట్‌మెంట్ కాడ వాచ్‌మన్ పని. చెప్పి పోదామని వచ్చినా."

"గంగాదేవి దిగలేదే?"

"దిగదులేక్కా. చేతకాని పని చేసి కాలు పోగొట్టుకున్న్యావని తిట్టింది. ఆపైన తిట్టేది గూడా మానుకుంది."

భోజనానికి ఇంటికొచ్చిన మా ఆయన అతనికి కుర్చీ వేశారు. నేను మజ్జిగ తెచ్చేలోపు కుళ్లాయప్ప చేతిలో పైకాగితం ఉంది. బొమ్మలోని తీగ ఎక్కడికి పోతుందో అడిగాడు, చెప్పాను. అతని ముఖం వెలిగింది.

"ఇదే కొను అన్నా!"

"వద్దులేప్పా."

"ఏమప్పా వద్దనేది! నా మాదిరి ఇంగొకడు తప్పు పని చేసినా, నువ్వు తొక్కినావు, బ్రేకే పట్టలేదని ఇది చెప్తాది. ఆ పొద్దు ఇది ఉండింటే నాకూ తెలిసేది. గాలి నిలిచినాదో, ప్యాడ్ జారినాదో. కాలు పోతే పోయినాది. తప్పు యాడ చేసినానో తెలీక సచ్చిపోతాండా అన్నా."

"అంతగా చెబుతాంటే ఎందుకు వద్దంటారు?" అన్నాను నేను, మజ్జిగ గ్లాసు మా ఆయన ముందు పెడుతూ. "బరువు, తీగలు కాకుండా ఇంగేదైనా చెప్పండి."

ఆయన గ్లాసు ముట్టుకోలేదు. కుళ్లాయప్ప వైపు తిరిగారు.

"బ్రేకు పట్టలేదని అది చెప్పదు" అన్నారు. "ముందర పోయే బెంగళూరోని బ్రేకు లైటు ఎలగలే. వాడు తొక్కేదాకా నేనూ తొక్కగూడదనుకుంటి. వాని బండి వేరే, వాని టైర్లు వేరే. నేను తొక్కేపొద్దుకు గోడ వచ్చేసినాది. నీ పనిలో ఏం లోపం లేదు కుళ్లాయప్పా."

కుళ్లాయప్ప అరుస్తాడనుకున్నాను. కాగితాన్ని జాగ్రత్తగా కింద పెట్టాడు. గోడకు చేయి ఆనించి, కర్ర అందుకుని, వాకిలి దాకా పోయాడు.

"గంగా! దిగి ఇట్ల రా."

ఆమె వచ్చి గడప బయటే నిలబడింది. వెనకాల ఆటోవాడు తల బయటికి పెట్టి చూస్తున్నాడు.

"మళ్లా చెప్పన్నా" అన్నాడు కుళ్లాయప్ప. "ఆమె వినల్ల. వాడు గూడా విననీ."

మా ఆయన లేచి నిలబడ్డారు.

"బ్రేకు బాగుండింది గంగాదేవీ. తప్పు నాది."