మంచం మధ్య రైలుగేటు

ఆదివారం పొద్దుటికి కోదండపాణి మంచం వెడల్పు పధ్నాలుగు గజాలకు చేరింది. నిన్న పదమూడున్నర. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు కాబట్టి రోజూ పళ్ళు తోముకోక ముందే టేపు పట్టి కొలుస్తాడు, గోడ మీద పెన్సిలుతో రాసుకుంటాడు. మంచం ఎందుకు పెరుగుతోందని మాత్రం అడగడు.

మంచానికి అవతలి అంచున ఆయన భార్య అలివేలు కూర్చుని కాఫీ తాగుతోంది. ఇక్కణ్ణించి చూస్తే బొట్టుబిళ్ళంత కనిపిస్తుంది.

ఇద్దరికీ మధ్య, సరిగ్గా దిళ్ళ వరసలో, రైలుగేటు ఉంది. గేటు ఎప్పుడూ పడే ఉంటుంది. ఏడున్నరకు గూడ్సుబండి దుప్పటి మీదుగా పోతుంది. దానికి తొమ్మిది పెట్టెలు. ఒకటి ఎక్కువ ఉండదు, ఒకటి తక్కువ ఉండదు.

తొమ్మిదే ఎందుకో ఇద్దరికీ తెలుసు. కిందటేడు శ్రావణంలో వాళ్ళ పాప పుట్టింది, పుట్టిన పూటే వెళ్ళిపోయింది. ఆపరేషను చేసిన డాక్టరమ్మ, లోపలి కుట్లు గట్టిపడేదాకా రెండేళ్ళపాటు ఇంకో కాన్పు మాట తలపెట్టవద్దంది. పాపకని ముందే కొన్న నాలుగు కాళ్ళ చెక్క ఉయ్యాలను అటకెక్కించారు. కోదండపాణి మందులషాపుకి వెళ్ళి కండోమ్‌లు తెచ్చాడు. మాఘంలో ఒకరోజు వాటిలో ఒకటి జారిపోయింది. ఆ నెల అలివేలుకు రావలసిన తేదీ వచ్చింది గాని, బహిష్టు రాలేదు. తొమ్మిది రోజులు ఆలస్యం. పదో రోజున అంతా సర్దుకుంది. తొమ్మిది రోజులు మాత్రం ఎక్కడికీ పోలేదు. చక్రాలు బిగించుకుని ఈ దుప్పటి మీదే తిరుగుతున్నాయి.

"ఏమండోయ్! వినబడతందా?" అలివేలు కేక వేస్తుంది.

"గూడ్సు పోనీ!"

గూడ్సు పోతుంది. దిండు గలీబుల మీద కాస్త బొగ్గుమసి పడుతుంది.

"మీ కాఫీ ఇక్కడుంది. మీగడ కట్టింది," అంటుంది అలివేలు.

"ఇటు పంపు."

"ఎట్టా పంపేది, గేటు పడితే? మీ మొహం చూడాలంటే నాకు కళ్ళద్దాలు కావాల్సొచ్చేట్టుంది. ఏదో ఒకటి చెయ్యండి. మొన్నటి మాదిరి నోరు మూసుకుని మటుకు తేవద్దు. అడిగి తెండి. క్లాసులో గొంతు చించుకునే మనిషికి అక్కడ మాటలెందుకు రావో!"

కోదండపాణి చొక్కా తొడుక్కుంటాడు.

మందులషాపు చీరాల బట్టల బజారు చివరన ఉంది. నడిపేది జైనబీ. అరవై ఏళ్ళావిడ. కోదండపాణి తండ్రి మగ్గం మీద నేసిన చీరే ఆవిడ పెళ్ళికి కట్టుకుంది. ఆ షాపులో వాడుక ఒకటుంది. ఈ సరుకు కోసం వచ్చినవాడు దగ్గు మందు వైపు చూస్తూ గొంతు సవరించుకుంటాడు. జైనబీ ఏమీ అడగకుండా ఒక డబ్బా తీసి పాత పేపర్లో చుట్టి ఇస్తుంది. సిగ్గు ఎంతో కాగితం అంత. ఈ పూట కోదండపాణికి ముందు నిలబడ్డ ప్లీడరుగారి పొట్లాన్ని ఇద్దరు మోసుకెళ్ళి రిక్షాలో వేస్తున్నారు.

పోయినసారి కోదండపాణి పొట్లానికి నలభై ఒక్క పేపర్లు పట్టాయి. విప్పేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి పేపరు అక్షరాలన్నీ డబ్బాకు అంటుకుని, సైజు ఉండవలసిన చోట, తేదీ ఉండవలసిన చోట, "రేపు కోస్తాలో వర్షాలు" అని ఉంది.

"ఏం కోదండం, దగ్గా?" అంటుంది జైనబీ.

"కాదమ్మా. కండోమ్‌లు కావాలి."

ఆ మాట నోట్లోంచి దిగి కౌంటరు మీద కూర్చుంటుంది. చెమట తుడుచుకుంటుంది. ఎవరినీ ఏమీ అనదు. అంత బుద్ధిమంతురాలైన మాటను ఇన్నాళ్ళు ఎందుకు దాచానా అని కోదండపాణి ఆశ్చర్యపోతాడు.

"అబ్బో, నోరు తెరిచావే! ఏ సైజు?"

"పెద్దది."

అన్నాడో లేదో ఆయన చొక్కా మోకాళ్ళు దాటుతుంది. దాని చేతులు నేల మీద జీరాడతాయి. చెప్పులు రెండు పడవలవుతాయి. జారిపోతున్న ప్యాంటును ఆయన రెండు చేతులతో పట్టుకుంటాడు.

జైనబీ కళ్ళజోడు సవరించుకుని కిందికి, మీదికి చూస్తుంది. "పోయినసారి గొంతు సవరించుకుంటా రెండు చేతులు బార్లా చాపింది ఇందుకేనా?"

"ఆఁ."

"జారిందా?"

"ఆఁ."

"జారక ఏం చేసుద్ది! నేతగాడి ఇంట పుట్టి పన్నా సంగతే మరిచావా నాయనా? చీర పొడుగు అందరికీ ఒకటే, బట్ట కుదిరేది పన్నాలో. ఇదీ అంతే. అడ్డం కుదరాల. ముప్పై ఏళ్ళుగా చూస్తన్నా, పెద్దది పెద్దది అనే మగాళ్ళే గాని, చుట్టుకొలత చెప్పినోడు ఒక్కడు రాలా." పొడుగాటి నూలుపోగు ఒకటి తెంపి ఆయన చేతిలో పెడుతుంది. "ఆ తెర వెనక్కి పో. కొలిచేప్పుడు ఎట్టుండాలో అట్టుండి, మధ్యలో చుట్టి, పోగును స్కేలు మీద పెట్టి చూసుకో. నాకు అంకె చాలు, కథ వద్దు."

తెర వెనక కొలతల గది ఉంది. నల్లబల్ల, సుద్దముక్క, స్కేలు ఉన్నాయి. కోదండపాణి కొలుస్తాడు. నల్లబల్ల మీద నూట ముప్పై మిల్లీమీటర్లు అని రాస్తాడు. ఒకటి ఒరిగిపోతుంది. మూడు దాని మీద పడుతుంది. సున్నా దొర్లుకుంటూ మూలకు పోతుంది. మళ్ళీ రాస్తాడు, మళ్ళీ పడతాయి. కొలతలో అబద్ధమాడితే లెక్క మొత్తం కూలుతుందని పదకొండేళ్ళుగా పిల్లలకు చెబుతున్నది ఆయనే. ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఆ అంకెల్ని తుడిచి, నూట ఎనిమిది అని రాస్తాడు. అంకెలు నిటారుగా నిలబడతాయి. చొక్కా పైకి లేస్తుంది. ప్యాంటు నడుముకు వచ్చి కూర్చుంటుంది. ఇంత హాయిగా బట్టలు ఒంటిని పట్టుకుని చాలా రోజులైంది.

"నూట ఎనిమిది," అంటాడు బయటికొచ్చి.

"అంబులెన్సు నంబరు. ఇక మరిచిపోయే పనే లేదు. సగమెంత, మాస్టారూ?"

"యాభై నాలుగు."

"అందులో నాలుగైదు తీసెయ్. రబ్బరు కాస్త సాగి పట్టుకోవాలిగా. ఇదిగో, ఈ డబ్బా మీద నలభై తొమ్మిదని ఉంది చూడు. నొప్పెట్టేంత బిగిస్తే పై సైజుకి పో. బిగుతైంది చిరుగుద్ది, వదులైంది జారుద్ది. సరే, తొడగటం తెలుసా?"

"తెలుసనుకుంటా."

"అనుకునేవాళ్ళంతా పెద్దాయన దగ్గరికి పోవాలి."

పెద్దాయన షాపు వెనక వరండాలో శాలువా కప్పుకుని కూర్చున్నారు. జానెడు ఎత్తు ఉంటారు. టేకుకర్రతో చేసిన మనిషి. ముప్పై ఒక్కేళ్ళు కుటుంబ నియంత్రణ శిబిరాల్లో, బల్ల మీద నిలబడి, తొడగటం ఎలాగో ఊరూరా చూపించి రిటైరయ్యారు.

"ఒక్క రోజు సెలవు పెట్టలేదు బాబూ," అంటారాయన. "చూసి నవ్వినవాళ్ళందరూ ఇళ్ళకెళ్ళి సుఖంగా ఉన్నారు. కూర్చో. ముందు ఏం చూస్తావ్?"

"సైజు."

"తరవాత?"

"తేదీ."

"కనిపించకపోతే?"

కోదండపాణికి కోస్తాలో వర్షాలు గుర్తొస్తాయి. "పారేస్తాను," అంటాడు.

"మంచిది. డబ్బాలోంచి ఒక కవరు తీసి వేళ్ళతో నొక్కు. లోపల గాలి తగలాలి. తగిలిందా? ఇక చించు. పళ్ళతో కాదయ్యా, మామిడిటెంక కాదది! వేళ్ళతో, అంచున. పోయినసారిది ఎక్కడ దాచావ్?"

"పర్సులో. రెండు నెలలు."

"నిన్ను వెనక జేబులో పెట్టి, మీద కూర్చుంటే రెండు నెలలు బతుకుతావా? ఎండ తగలని చోట పెట్టు. ఏదన్నా రాశావా?"

"కొబ్బరినూనె."

వరండా అలమరలో ఉన్న కొబ్బరినూనె సీసా తల దించుకుంటుంది. పెద్దాయన దాని వైపు జాలిగా చూస్తారు. "తలకు రాసుకుంటే దానంత మంచిది లేదు. రబ్బరు దగ్గరికి వెళితే మాత్రం చెదపురుగే. దీనికి నీళ్ళతో చేసిన జెల్ వేరే ఉంటుంది, జైనబీని అడుగు."

తరవాత ఆయన శాలువా తీసి మడిచి పక్కన పెట్టి నిలబడతారు. ఉన్ని టోపీలాగా మడత అంచు బయటికి ఉండాలంటారు. కోదండపాణి తిరగేసి పెడతాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపుతారు. తిరగేసి పెట్టినదాన్ని మళ్ళీ తిప్పి వాడకూడదు, అది పారేసి కొత్తది తీయాలి. కొత్తదాని కొసను రెండు వేళ్ళతో నొక్కి గాలి తీసి, మొదలు దాకా దొర్లించాలి. ఒకటి సరిపోదేమోనని రెండు తొడిగితే రెండూ రాసుకుని చిరుగుతాయి. అయిపోగానే, మెత్తబడక ముందే, అంచు పట్టుకుని బయటికి రావాలి.

"ఆ తరవాత ముడి వేసి, కాగితంలో చుట్టి, చెత్తబుట్టలో వెయ్యి. మరుగుదొడ్డిలో వద్దు. మళ్ళీ చెప్పు," అంటారాయన.

కోదండపాణి మళ్ళీ చెబుతాడు. ఎక్కం అప్పజెప్పినట్టు, తడబడకుండా.

"ఇన్ని చేసినా జారితే?" అని చివర నెమ్మదిగా అడుగుతాడు. అడగడానికి వచ్చింది ఇదొక్కటేనని అప్పుడు ఆయనకే తెలుస్తుంది.

సమాధానం కౌంటరు దగ్గర నుంచి జైనబీ చెబుతుంది. "మూడు రోజుల్లోపు వేసుకునే మాత్ర ఉంది నాయనా. ఎంత తొందరగా వేస్తే అంత మేలు. నేనిస్తా. డాక్టరమ్మని కూడా ఒక మాట అడగండి. తొమ్మిది రోజులు గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చోబళ్ళేదు."

తొమ్మిది రోజుల సంగతి ఆవిడకెలా తెలిసిందని కోదండపాణి అడగడు. చీరాలలో రైళ్ళ కూత అందరికీ వినబడుతుంది.

"ఎన్ని పేపర్లు చుట్టమంటావు?"

"ఒక్కటీ వద్దు. ఒకటి విడిగా ఇవ్వండి, చెత్తబుట్టలో వేసేందుకు."

డబ్బాను అరచేతిలో పెట్టుకుని బజారు వెంట నడుస్తాడు. బట్టల కొట్లవాళ్ళు అరుగుల మీదికొచ్చి చూస్తారు. ఎదురుగా హెడ్మాస్టరుగారు, ప్యాంటు రెండు చేతులతో పట్టుకుని వస్తున్నారు.

"ఏంటి మాస్టారూ అది?"

"కండోమ్‌లండీ. నలభై తొమ్మిది."

హెడ్మాస్టరుగారు అటూ ఇటూ చూస్తారు. "కొలిచే ఇస్తారా?"

"నూలుపోగు ఇస్తారండీ. మనమే కొలుచుకోవాలి."

ఆయన ప్యాంటు పట్టుకుని గబగబా మందులషాపు వైపు నడుస్తారు. వెనక బజారులో ఇంకో నలుగురు నడుముల దగ్గర చేతులు పెట్టుకుని అటే కదులుతారు.

ఇంట్లో గేటు ఇంకా పడే ఉంది. కోదండపాణి గేటు దాకా నడిచి ఆగుతాడు. డబ్బా ఎత్తి చూపిస్తాడు. గేటు కదలదు.

"సైజు చూశారా?" అంటుంది అవతలి నుంచి అలివేలు.

"చూశాను. తేదీ కూడా చూశాను. పైయేడు దాకా ఉంది." ఆయన గేటు కడ్డీ మీద చెయ్యి వేస్తాడు. "అలివేలూ, అప్పుడు పెద్దది కావాలని చేతులు చాపి చూపింది నేనే. కొలవలేదు. నా గొప్ప కోసం చాపాను. ఆ తొమ్మిది రోజులు నావల్లే."

కాసేపు ఏ బండీ రాదు.

"తెలుసులెండి," అంటుంది అలివేలు. "డబ్బా మీద వర్షాలని ఉన్నప్పుడే అనుకున్నా, ఈయన గొడుగు కొనుక్కొచ్చాడని."

ముందు ఆమె నవ్వుతుంది. తరవాత ఆయన. నవ్విన కొద్దీ దుప్పటి ముడతలు పడుతూ మంచం లోపలికి ముడుచుకుంటుంది. పది గజాలు, ఆరు, మూడు. గేటు లేస్తుంది. కాఫీ గ్లాసు పట్టుకుని అలివేలు పట్టాలు దాటి వస్తుంది. ఆమె చెవి పక్కన ఒక తెల్లవెంట్రుక ఉంది. మాఘంలో అది లేదు.

"చదవండి, డబ్బా మీద ఏముందో," అంటుంది. "మీ ఒక్కరి పనా ఇది? కొస నొక్కేది నేను."

మధ్యాహ్నపు ఎండను బయటే ఉండమని చెప్పి కిటికీలు వాటంతట అవే మూసుకుంటాయి.

సాయంత్రం కోదండపాణి ముడి వేసినదాన్ని జైనబీ ఇచ్చిన పేపర్లో చుడతాడు. దాని మీద "రేపు కోస్తాలో ఎండ" అని ఉంది. చెత్తబుట్టలో వేసి వచ్చి మంచం కొలుస్తాడు. నాలుగడుగులు. గోడ మీద రాస్తాడు. రైలుగేటు రెండు దిళ్ళ మధ్య బొటనవేలంత అయి నిలబడింది. దాని పక్కన అగ్గిపెట్టెంత ప్లాట్‌ఫారం ఉంది. గూడ్సు వచ్చి, మొదటిసారి ఆగుతుంది. తొమ్మిది పెట్టెల తలుపులూ తెరుచుకుంటాయి. ఎనిమిది ఖాళీ.

తొమ్మిదో పెట్టెలోంచి అటక మీది ఉయ్యాల దిగుతుంది. ఎక్కడ కుదించుకుందో, చిటికెన వేలంత ఉంది. లేగదూడలాగా నాలుగు కాళ్ళూ తడబడుతూ నడిచి, ప్లాట్‌ఫారం బెంచీ ఎక్కి కూర్చుంటుంది. దాని దగ్గర టికెట్టుంది. అలివేలు వంగి తేదీ చదువుతుంది. వచ్చే ఏటి శ్రావణం, డాక్టరమ్మ చెప్పిన రెండేళ్ళు నిండే నెల.

"ఇంకా చాలా టైముందమ్మా," అంటుంది.

పరవాలేదన్నట్టు ఉయ్యాల వేరుశెనక్కాయల పొట్లం విప్పుతుంది. కాళ్ళు ఊపుకుంటూ ఒలుస్తుంది. ఒక గింజ తను తింటుంది. ఒక గింజ బెంచీ మీద, పక్కనున్న ఖాళీలో పెడుతుంది.