మా బావ ఎక్కి దిగిన నిచ్చెనలు

మా బావ నిచ్చెనలు చేస్తాడు. మనిషి ఎంత బరువంటే, బస్సులో వెనక సీట్లో కూచుంటే డ్రైవరు దిగొచ్చి, "అయ్యా, కాస్త ముందుకి జరగండి, ముందు చక్రాలు నేలకి ఆనట్లేదు" అని బతిమాలుకునేవాడు. అబద్ధమైతే నా కళ్లు పోతాయి. కనీసం ఒకటి.

ఆయనది ఒకటే మాట. "నేను చివరి మెట్టుదాకా ఎక్కి దిగిందే గడప దాటుద్ది. నన్ను మోసిందంటే ఎవర్నైనా మోస్తది."

ఓసారి రంగుల మేస్త్రి వచ్చి ముప్పై నిచ్చెనలు చెప్పాడు. అంత పెద్ద పని మా కొట్టుకెప్పుడూ తగల్లేదు. "శుక్రవారం మధ్యాహ్నానికి ముప్పై ఉండాలి. ఒక్కటి తగ్గినా ఎదురుగా ఉన్న నిచ్చెనల కొట్టుకి వెళ్లిపోతా" అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే ముప్పై గోడకి ఆనించాం. సరిగ్గా అప్పుడే బావ రంపపు పొట్టు మీద జారి కాలు మడతేసుకున్నాడు. గుమ్మడికాయ చూస్తే సిగ్గుపడేంత వాపు.

"ఎక్కకుండా ఇచ్చెయ్ బావా, ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.

"నేను చూస్తన్నాగా బామ్మర్దీ! నోరు మూసుకుని నిచ్చెన పట్టుకో."

ఒంటికాలి మీద గెంతుకుంటూ మొదలెట్టాడు. ఒక్కో గెంతుకి పక్కింటి గిన్నెలు అలమరలోంచి దిగి వీధిలోకొచ్చాయి. "పడితే మా తమ్ముడి మీద పడు, నాకు వంట పనుంది!" అని అక్క కేకలు.

ఇరవై తొమ్మిది అయ్యాయి. ఆఖరిది ఎక్కుతుంటే మేస్త్రి లారీ వచ్చి ఆగింది. పై మెట్టు ఫట్‌మంది. బావ నా మీద పడ్డాడు. అప్పటిదాకా నేను పొడుగ్గా ఉండేవాణ్ణి.

బావ లేచి దుమ్ము దులుపుకున్నాడు. "మేస్త్రిగారూ, ఇరవై తొమ్మిదే ఉన్నాయి. ఇది పనికిరాదు. మీరు ఎదురు కొట్టుకెళ్తానన్నా తప్పులేదు."

నా ప్రాణం సగం అక్కడే పోయింది. మేస్త్రి విరిగిన మెట్టు తీసి చూశాడు. లోపలంతా పురుగు తొలిచేసింది.

"ఇదే ఇచ్చేసుంటే దీని మీద మావాడు నించునేవాడు" అన్నాడు మెల్లగా. తర్వాత వీధి అవతలికి చూసి, "ఆ ఎదురు కొట్టాయన ఎప్పుడైనా తన నిచ్చెన ఎక్కాడా?"

"ఎక్కడమా! దాని కిందనుంచి కూడా నడవడు" అంది అక్క.

మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ ఒక్కటీ రేపివ్వు. ఇకనుంచి నా పనులన్నిటికీ నిచ్చెనలు నీవే. నువ్వు మాత్రం చిక్కిపోకూడదు!"

నిచ్చెనలతోపాటు బావనీ లారీ వెనక ఎక్కించుకుని, కాలికి కట్టు కట్టించడానికి తీసుకెళ్లారు. ఎదురు కొట్టు ముందుకొచ్చేసరికి చూడాలి, లారీ ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచి సలాం కొట్టాయి!