తగ్గించిన గొంతు

కూరగాయల టోకు మార్కెట్లో వేలం పాడే అతన్ని అందరూ మైకు అంటారు. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి ఆ పేరు. టమాటా పెట్టెల మీదెక్కి అతను ధర పిలిచాడంటే, అవతలి షెడ్డులో టీ తాగుతున్న వ్యాపారి గ్లాసు పక్కన పడేసి పరుగెత్తుకు రావాల్సిందే. నోరున్నవాడిదే రాజ్యమైతే ఆ రాజ్యానికి పొద్దున్నపూట అతనే రాజు. ఇంటి సంగతి వేరు.

అతని కూతురికి నాలుగేళ్లు. ముద్దుగా గువ్వ అంటారు. పిలిస్తే పలికేది కాదు, తిరిగి చూసేదీ కాదు. మార్కెట్ మనిషికి తెలిసిన వైద్యం ఒక్కటే, అవతలివాళ్లకి వినపడకపోతే గొంతు పెంచడం. మైకు పెంచాడు. పిల్ల మంచం కింద దూరింది. ఇంకా పెంచాడు. గువ్వ నాయనమ్మ ఊరి నుంచి ఫోన్లో ధైర్యం చెప్పేది, నువ్వూ ఆలస్యంగానే మాట్లాడావు, ఇప్పుడు నీ నోరు మూయించగలుగుతున్నామా అని. చివరికి చెవుడేమోనన్న అనుమానంతో ఆసుపత్రికి తీసుకెళ్తే, చెవులు నిక్షేపంగా ఉన్నాయన్నారు. అక్కడి నుంచి ఇంకో గదికి పంపారు. ఆ గదిలో డాక్టరమ్మ చాలాసేపు పిల్లని బొమ్మలతో ఆడించి, తల్లిదండ్రులని బోలెడు ప్రశ్నలడిగి, ఆటిజం అని చెప్పింది.

చెవులు బాగుంటే నేను పిలిచినా ఎందుకు చూడదని మైకు అడిగాడు.

"వినపడక కాదండీ. కొన్ని చప్పుళ్లు ఈ పాపకి మనకన్నా చాలా ఎక్కువగా తగులుతాయి. గట్టిగా అరిస్తే భరించలేదు. ఇంట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడతారా?" అందామె.

భార్య తల దించుకుంది. మైకు తనే చెయ్యెత్తాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అతనికి అదే ఆలోచన. ఇన్నాళ్లూ చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానని తన మీద తనే జాలిపడ్డాడు. తీరా చూస్తే ఊదింది పసిబిడ్డ చెవిలో. పిల్లని కొట్టినవాడికైనా తన చెయ్యి మండుతుంది, తనకి అదీ తెలియలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో మూగనోము పట్టాడు. డాక్టరమ్మ చెప్పింది మెల్లగా, కొద్దిగా మాట్లాడమని, అసలు మానేయమని కాదు. కానీ అతని గొంతుకి మెల్లగా అన్నదే లేదు. ఉంటే పూర్తిగా ఉండాలి, లేకపోతే లేదు. అందుకని వేలం అయ్యాక ఉల్లిపాయల గోదాములో దూరి, బస్తాల ముందు కూర్చుని గుసగుసలు సాధన చేసేవాడు. ఒకరోజు హమాలీలు చూసేశారు.

"ఏంటన్నా, ఉల్లిపాయలతో రహస్యాలు?" అని పడీపడీ నవ్వారు. అతనూ నవ్వేశాడు.

చెప్పుకోవాలని లేక కాదు. కాటా దగ్గరుండే పెద్దాయనతో ఒకసారి మొదలుపెట్టాడు. ఆయన సగం వినకుండానే, మా వాళ్లలో ఒక పిల్లాడూ ఇంతే, పెద్దయితే అదే పోతుంది అని భుజం తట్టి తూకానికి వెళ్లిపోయాడు. ఇంకెవరికీ చెప్పలేదు. వేలమంది వినే గొంతు ఉండి ఈ ఒక్క మాట వినేవాడు దొరకలేదన్నది అతనికి బాగా బాధగా ఉండేది. భార్య బాధ ఆమెది. ఒకరు మాట్లాడలేరు, ఒకరు మాట్లాడరు, ఇక నేను గోడలతో చెప్పుకోవాలా అంది ఒకనాడు. కోపంగా కూడా అనలేదు, అంత అలసిపోయి ఉంది.

సాయంత్రాలు గువ్వ చాప మీద సీసా మూతలు వరసగా పేర్చుకునేది. మైకు గుమ్మం దగ్గర కూర్చునేవాడు. అక్కడ అతను పిల్లకి అలవాటయ్యాక ఫ్రిజ్ దాకా జరిగాడు. ఇంకొన్నాళ్లకి చాప అంచుకి చేరాడు. ఒక సాయంత్రం ఒక మూత దొర్లి అతని మోకాలికి తగిలింది. గువ్వ వచ్చి తీసుకుని, వెనక్కి వెళ్లకుండా ఆ మోకాలి పక్కనే కూర్చుంది. కాలు తిమ్మిరెక్కినా అతను కదల్లేదు. గోదాములో నేర్చిన గొంతుతో "గువ్వా" అన్నాడు. పిల్ల చూడలేదు, పారిపోనూ లేదు. ఆ మాత్రానికే అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాతి వారంలోనే అది జరిగింది. మధ్యాహ్నం మైకు సందు మలుపు తిరిగేసరికి నీళ్ల టాంకరు వెనక్కి వస్తోంది. దాని వెనక పైపులోంచి కారుతున్న నీటిధార దగ్గర గువ్వ గొంతుక్కూర్చుని చూస్తోంది. గేటు ఎవరు తీశారో ఏమో. డ్రైవరు రెండో పక్క అద్దంలో చూసుకుంటున్నాడు. మైకుకి పైప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తినా అందుకోలేడు.

అరిచాడు. జన్మలో అంత గట్టిగా ఏ ధరా పిలవలేదు. టాంకరు కీచుమంటూ ఆగిపోయింది.

గువ్వ చెవులు మూసుకుని రోడ్డు మీద ముడుచుకుపోయి కేకలు పెడుతోంది. అతను దగ్గరికి వెళ్లేసరికి పిల్ల మోచేతుల మీద వెనక్కి పాకింది, చక్రాల వైపుకి. అతను ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. భార్య పరుగున వచ్చి ఎత్తుకుంది. డ్రైవరు దిగి, అతని చేతులు పట్టుకుని, నీ గొంతు లేకపోతే ఏమయ్యేదన్నా అని ఏడ్చాడు. చుట్టుపక్కలవాళ్లు బాల్కనీల్లోకి వచ్చి ఆ గొంతుని తెగ పొగిడారు.

సాయంత్రం మైకు గుమ్మం దగ్గర కూర్చోబోయాడు. అతన్ని చూడగానే గువ్వ మూతలన్నీ వదిలేసి మంచం కింద దూరింది. అతను లేచి వీధి మెట్టు మీదికి వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"మీరు కాపాడారని దానికి తెలీదండీ," అంది.

"తెలియకపోతే పోనీలే."

"మళ్లీ ఇలాంటిదే జరిగితే?"

"మళ్లీ అరుస్తాను," అన్నాడతను, ఆ గోదాము గొంతుతోనే. "నన్ను చూసి దాక్కోడానికైనా పిల్ల ఉండాలి కదా."

లోపల మంచం కింద ఏడుపు మొదలైంది. భార్య లేచి వెళ్లింది. అతను వెళ్లలేదు.