రెండు ట్యూబ్ పెట్టెల పంచాయితీ

విశ్వతేజకి బుల్లిబాబు గారితో స్నేహం కుదిరింది గిటారు వల్ల. చెడబోయింది ఆంప్లిఫయర్ వల్ల.

ఇద్దరిదీ కాకినాడ వైపే. విశ్వతేజ హైదరాబాదు శివారు కొంపల్లిలో విల్లా కొనుక్కుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు. బుల్లిబాబు గారు వయసులో పదిహేనేళ్లు పెద్ద. యాప్రాల్‌లో ఉంటారు, బ్యాంకు మేనేజరు, కాలేజీ రోజుల్లో ఆర్కెస్ట్రాలో వాయించిన మనిషి. ఇద్దరూ ఒకే నెలలో చెరొక చిన్న ట్యూబ్ ఆంప్ తెప్పించుకున్నారు. డెబ్బై ఏళ్ల కిందటి నమూనాలో కొత్తగా చేసిన పెట్టెలవి. పాత వాల్వు రేడియోల్లో ఉండేలాంటి గాజు గొట్టాలు లోపల ఎర్రగా వెలుగుతుంటాయి. విశ్వతేజది గోధుమరంగు చారల గుడ్డ అంటించిన ఐదు వాట్ల పెట్టె. వాల్యూమ్ సగం దాటిందంటే గొంతు జీరబోయి గరగరలాడుతుంది. బుల్లిబాబు గారిది నల్లది. స్పీకరు కాస్త పెద్దది, ఎంత పెంచినా తేటగా పలుకుతుంది.

"ఆ జీరలోనే ఉందండీ ప్రాణం," అనేవాడు విశ్వతేజ.

"జలుబు చేసినా జీరే వస్తుంది తేజా. దానికి మందు వేస్తాం గానీ మురిసిపోం," అనేవారు బుల్లిబాబు గారు.

మూడు నెలలు ఇదే గొడవ. పొద్దున్న లేస్తే ఇద్దరూ ఒకరికొకరు రికార్డింగులు పంపుకునేవారు. విశ్వతేజ భార్య హరిచందన మొదట్లో ఓపిగ్గా విని, "రెండూ ఒకటే కదా" అని ఒకసారి నోరు జారింది. ఆ తప్పుకి శిక్షగా అదే ముక్క పదకొండు సార్లు వినాల్సొచ్చింది. ఆ తర్వాత ఆవిడ ఆ పెట్టెని వేరే విధంగా వాడుకోవడం మొదలుపెట్టింది. చలికాలం ఇడ్లీ పిండి పులవకపోతే గిన్నె తీసుకెళ్లి దాని మీద పెట్టేది.

"ఈ ఒక్క విషయంలో మాత్రం మీదే గొప్ప ఆంప్," అనేది.

చివరికి తగువు తీర్చడానికి మూడో మనిషి కావాలనుకున్నారు. శామీర్‌పేటలో గాలయ్య అని ఒకాయన నలభై ఏళ్లుగా మైక్ సెట్ నడుపుతున్నాడనీ, కుర్రతనంలో వాల్వు మెషీన్లతోనే పని నేర్చుకున్నాడనీ, పక్క వీధిలో వాల్వు చెడిపోతే ఈ వీధిలోంచే చెప్పగలడనీ ఎవరో చెప్పారు. ఒక ఆదివారం పొద్దున్నే రెండు పెట్టెలూ కారులో వేసుకుని, రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉన్న గాలయ్య దగ్గరికి వెళ్లారు.

"నా మైకు సెట్లన్నీ తూంకుంట పెండ్లికి పోయినయి సార్. ఇయ్యాల ఖాళీగనే ఉన్న, దించుండ్రి," అన్నాడు గాలయ్య. పెట్టె వెనక్కి వంగి చూసి ముఖమంతా నవ్వాడు. "అబ్బో, వాల్వులు! గివి సూడక ముప్పై ఏండ్లాయె."

విశ్వతేజ ఏర్పాట్లన్నీ పకడ్బందీగా చేశాడు. గాలయ్య కుర్చీని గోడవైపు తిప్పించాడు. ఏ పెట్టె మోగుతోందో తెలియకూడదు కనుక కళ్లు కూడా మూసుకోమన్నాడు. ఒక పాట మొదటి ముక్క ఇందులో వాయించి, వైరు పీకి దాన్లో గుచ్చి, అదే ముక్క మళ్లీ వాయించాడు. తర్వాత బుల్లిబాబు గారు గిటారు తీసుకుని తన పద్ధతిలో అదే ముక్క వాయించారు. అలా అరగంట గడిచింది.

"రెండు మంచిగనే ఉన్నయి సార్," అన్నాడు గాలయ్య కళ్లు తెరవకుండానే.

"అలాగంటే ఎలాగండీ? తీర్పు చెప్పాలి కదా!" అన్నారు బుల్లిబాబు గారు.

గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న గాలయ్య భార్య శివమ్మ అప్పుడు తలెత్తింది.

"అరగంట సంది సూస్తున్న బిడ్డా. సురువు జేస్తవు, ఆపుతవు. మల్ల సురువు జేస్తవు, మల్ల ఆపుతవు. పాటెప్పుడు వాయిస్తవు?"

విశ్వతేజ నవ్వబోయి నవ్వలేకపోయాడు. తనకి నలభై పాటల మొదళ్లు వచ్చు. ఒక్కటీ చివరిదాకా రాదు. ఆ సంగతి అప్పటిదాకా తనకే తట్టలేదు.

జవాబు చెప్పే పని తప్పిస్తూ శంకరమ్మ పరుగున వచ్చింది. ఎదురుగా రోడ్డు పక్కన చెరువు చేపలు అమ్మే మనిషి.

"గాలయ్యన్నా, వలల మస్తు కొర్రమట్టలు వడ్డయి. ఎండ ఎక్కుతాంది, ఒక్క బండి ఆగుతలేదు. జర మైకుల చెప్పు!"

"మైకులు పెండ్లికి పోయినయి చెల్లె."

"మరి గివేంది?" శంకరమ్మ రెండు పెట్టెలనీ చూపించింది.

"అవి గిటారుకమ్మా. చేపలు అమ్మడానికి కాదు," అన్నాడు విశ్వతేజ, చెయ్యి తన పెట్టె మీద వేసి.

"కరెంటుతోని నడుస్తదా?"

"నడుస్తుంది."

"సప్పుడు జేస్తదా?"

"చేస్తుంది గానీ..."

"ఇగ ఏమాయె? లెవ్!"

గాలయ్య అప్పటికే అటక మీంచి వాడకుండా పడున్న ఒక పాత చేతి మైకు తీసి, దాని పిన్ను గిటారు పెట్టే రంధ్రంలో సరిపోతుందేమో చూస్తున్నాడు. సరిగ్గా సరిపోయింది. బుల్లిబాబు గారు ఎంతో ఉదారంగా, "ముందు నీదే పెట్టు తేజా. గొప్ప గొంతు కదా," అని తన పెట్టెని నీడలోకి జరుపుకున్నారు.

రోడ్డు పక్కన స్టూలు వేసి, షెడ్డులోంచి పొడుగు వైరు లాగారు. గాలయ్య వాల్యూమ్ మీట చివరిదాకా తిప్పాడు. శంకరమ్మకి అసలే మైకు అవసరం లేని గొంతు. దాన్ని ఐదు వాట్ల పెట్టెలోకి వదిలింది.

"కొర్రమట్టా! తాజా కొర్రమట్టా! జల్దీ రావాలె, కొర్రమట్టా!"

పెట్టె వణికింది. గరగరలాడింది, బుసకొట్టింది, గొంతు చించుకుంది. విశ్వతేజ ఉండే కాలనీలో ఆ మీట ఏడో అంకె దాటితే సెక్యూరిటీ వాడు గేటు దగ్గర్నుంచి ఫోన్ చేస్తాడు. తన ఆంప్ పూర్తి గొంతు తను వినడం అదే మొదటిసారి. మైకు ముందు ఎవరున్నారో మరిచిపోయి, "విన్నారా బుల్లిబాబు గారూ! ఇదండీ నేను చెప్పేది!" అని అరిచాడు.

రెండు నిమిషాల్లో ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది.

"అక్కా, ఎర్రమట్టి ఏడున్నది? నాకు రెండు ట్రిప్పులు గావాలె," అన్నాడు డ్రైవరు.

"ఎర్రమట్టేంది?" అంది శంకరమ్మ.

ఈలోగా ఒక కారు ఆగి, అందులోంచి జానకిరామయ్య అనే పెద్దాయన దిగారు. బహదూర్‌పల్లిలో కొత్త ఇల్లు, మేడ మీద గులాబీ కుండీలట. చేతిలో ఖాళీ సిమెంటు సంచి ఉంది.

"ఎక్కువేం వద్దమ్మా, ఒక్క సంచి చాలు. ఎర్రమట్టి దొరక్క ఎన్నాళ్లుగా తిరుగుతున్నానో!"

తొట్టిలో కొర్రమట్ట ఎగిరి తోకతో పెట్టె దాకా నీళ్లు చిమ్మింది. పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి ముక్కుకి రుమాలు అడ్డుపెట్టుకున్నారు. అయినా కదల్లేదు. "మైకులో చెప్పారు కదండీ," అని అక్కడే నిలబడ్డారు.

గాలయ్య పడిపడి నవ్వుతుంటే శంకరమ్మ విశ్వతేజ వైపు తిరిగింది. "నా కొర్రమట్టను ఎర్రమట్టి జేస్తివి గదయ్యా! తియ్యి నీ డబ్బ!"

బుల్లిబాబు గారు చొక్కా సర్దుకుని తన పెట్టె తెచ్చారు. "మాట స్పష్టంగా వినపడాలమ్మా. అదే సంగీతమైనా," అన్నారు.

నిజంగానే స్పష్టంగా పలికింది. కొర్రమట్టలో ప్రతి అక్షరమూ ముత్యంలా వచ్చింది. కానీ ఎదురుగా పోయే లారీల మోతలో ఆ ముత్యాలన్నీ ఎక్కడివక్కడ రాలిపోయాయి. పక్కనున్న టీ కొట్టతను ఒక్కడే వచ్చాడు.

"వినవడ్తాంది శంకరమ్మా," అన్నాడు. "గీ పెట్టె లేకున్నా నాకు వినవడ్తది. పక్కకే ఉన్న గద!"

ఈసారి విశ్వతేజ నవ్వాడు, కాస్త గట్టిగానే. బుల్లిబాబు గారికి కోపమొచ్చింది. "నీ ఆంప్ వల్ల మట్టి బేరం, నా ఆంప్ వల్ల చేప బేరం. ఒక్కటైనా చేప బేరమే!" అన్నారు. "టీ కొట్టతను చేపలు అడగలేదండీ," అన్నాడు విశ్వతేజ. ఇద్దరూ ఎండలో నిలబడి వాదించుకుంటుంటే గాలయ్య రెండో మైకు తెచ్చి, రెండిటినీ సుతిలి తాడుతో కలిపి కట్టి శంకరమ్మ చేతికిచ్చాడు. చారల పెట్టెని మెయిన్ రోడ్డు వైపు తిప్పాడు. నల్ల పెట్టెని చేపల తొట్ల పక్కన పెట్టాడు.

దాంతో దారి కుదిరింది. దూరాన పోయేవాళ్లు ఆ గరగర విని, ఏమిటో ఏదో జరుగుతోందని బండి ఆపేవారు. దగ్గరికి వస్తే నల్ల పెట్టె అసలు సంగతి చెప్పేది. గంటలో తొట్లు ఖాళీ అయ్యాయి. ట్రాక్టరు డ్రైవరు కూడా సంచిలో చేపలు వేసుకునే పోయాడు. జానకిరామయ్య గారిని చూసి జాలిపడి శివమ్మ షెడ్డు వెనక నుంచి ఒక సంచి మట్టి తవ్వి ఇచ్చింది. నల్లమట్టే, అయినా ఆయన దణ్ణం పెట్టి తీసుకున్నారు.

"ఇప్పుడు చెప్పండి గాలయ్య గారూ. ఏది గెలిచింది?" అన్నాడు విశ్వతేజ.

గాలయ్య తాడు విప్పుతూ, "గీ చారలది పిలుస్తది. గా నల్లది చెప్తది," అన్నాడు. "నాకు రెండు ఇచ్చిపోతే ఇంకా మంచిది."

తిరుగు ప్రయాణంలో, పిలవడమే గొప్పని విశ్వతేజ, చెప్పడమే గొప్పని బుల్లిబాబు గారు కొంపల్లి దాకా వాదించుకున్నారు.

ఆ సాయంత్రం ఆంప్ ఆన్ చేసిన పది నిమిషాలకి ఇల్లంతా చేపల వాసన. గుడ్డకి పట్టిన తొట్టి నీళ్లు వాల్వుల వేడికి పైకి లేచాయి. హరిచందన బాల్కనీ తలుపు తెరిచి, పెట్టె వైపూ బాల్కనీ వైపూ చూసింది. విశ్వతేజ అర్థం చేసుకుని దాన్ని ఎత్తుకెళ్లాడు. నిమ్మరసం రాశాడు, సాంబ్రాణి వేశాడు, లాభం లేకపోయింది. బుల్లిబాబు గారికి ఫోన్ చేస్తే ఆయన గొంతు కూడా ఆరుబయట నుంచే వినపడింది. వాళ్లావిడ ఆయన్ని కూడా పెట్టెతో పాటే పంపేసిందట.

బాల్కనీలో పోల్చి చూడటానికి రెండో పెట్టె లేదు. శివమ్మ అడిగిన మాట మాత్రం బుర్రలో తిరుగుతోంది. విశ్వతేజ ఒక పాట పట్టుకున్నాడు. మొదటి ముక్క అయ్యాక వేళ్లు అలవాటుగా ఆగిపోయేవి. బలవంతంగా ముందుకి నెట్టేవాడు. చరణం దగ్గర వారం రోజులు ఇరుక్కున్నాడు. నాలుగో ఆదివారం, ఎవరికీ చెప్పకుండా, పెట్టె డిక్కీలో వేసుకుని ఒక్కడే శామీర్‌పేట వెళ్లాడు.

శివమ్మ గుమ్మంలో కూర్చుని గోంగూర ఆకు తెంపుతోంది. అతను పాట మొదలుపెట్టాడు. నడుమ ఒకచోట తప్పు వేలు పడింది. అయినా ఆగకుండా వాయించి, చివరి తీగ మీటి చెయ్యి తీశాడు.

"గిది పాటంటే," అంది శివమ్మ. "మంచిగున్నది. ఇంకోటి వాయించు బిడ్డా."

"ఇదొక్కటే వచ్చమ్మా."

"అయితే గదే వాయించు. నా ఆకు ఇంకా అయిపోలేదు."

విశ్వతేజ మళ్లీ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు. గాలయ్య లోపల్నుంచి వచ్చి, వంగి, వాల్యూమ్ ఇంకాస్త పెంచి, తన పనిలోకి తను వెళ్లిపోయాడు.