మయిలైకి దక్కిన న్యాయం

మేలూరు దగ్గర పల్లెలో సౌందరం అనే విధవరాలు తమ్ముడు మునుసామి ఇంట్లో ఉండేది. ఈనగానే తల్లి చచ్చిపోయిన కోడెదూడను గుడ్డతో పాలు పట్టి పెంచింది. బూడిదరంగు పశువును ఆ పక్కల మయిలై అంటారు కాబట్టి అదే పేరు పెట్టింది. ఎవరొచ్చినా బుసకొట్టే ఆ ఎద్దు ఆమె దగ్గర మాత్రం మెడ చాచి నిలబడేది.

చలి తగ్గే మాసి నెలలో మంజువిరట్టు జరిగింది. ఎద్దుల్ని ఒక్కొక్కటిగా జనంలోకి వదిలే ఆట అది. తన వంతు వచ్చినా మయిలై కదల్లేదు. ఊరు నవ్వింది. పరువు పోయిందని మునుసామి దానికి సారాయి పట్టించి, కళ్లలో కారం కొట్టాడు. చూపు ఆనక పరుగెత్తిన ఎద్దు బండల మీద పడి ముందుకాలు విరగ్గొట్టుకుంది.

"కొట్టింటే ఓర్చుకుందును. కండ్లలో కారం పెడ్తివే, తంబీ" అంది సౌందరం.

"ఎద్దు నాది. నువ్వు సుమ్మా గమ్మునుండక్కా."

నోరులేని జీవాలను హింసిస్తే సర్కారు శిక్ష వేస్తుందని ఆమె సంతలో విని ఉంది. మర్నాడు కచేరీకి నడిచిపోయింది. గుమస్తా రెండోసారి అడిగాకే తమ్ముడి పేరు చెప్పింది. తీర్పు చెప్పే తెల్లదొర అంతా విచారించి మునుసామికి జైలు వేశాడు.

"ఎద్దు బాగుపడదంట. అంత బాధలో ఉంచకూడదని చట్టం. జవాను తుపాకీతో వస్తాడు" అన్నాడు గుమస్తా.

"కట్టు కడ్తాను సామీ. లేవకపోతే పడుకోబెట్టే మేపుతాను."

గుమస్తా ఆ మాట దొరకు చెప్పాడు. దొర తల అడ్డంగా ఊపాడు.

"ఇదే దయ అంటున్నారమ్మా" అన్నాడు గుమస్తా.

జవాను వచ్చినప్పుడు మయిలై కళ్లు ఇంకా వాచే ఉన్నాయి. అడుగుల చప్పుడుకు బెదిరింది. సౌందరం గంగడోలు నిమిరితే నెమ్మదించింది. దూరం జరగమన్నాడు జవాను. ఆమె జరిగింది.

ఆ తర్వాత మరదలు తంగం ఆమెతో మాట్లాడలేదు. మొగుణ్ణి జైలుకు పంపిన మనిషికి అన్నం మాత్రం పెట్టేది.

మునుసామి విడుదలై వచ్చి, ఇంట్లోకి పోకుండా అడిగాడు.

"యాడ పూడ్చినారు?"

పొలం గట్టున మట్టి ఇంకా అణగలేదు. అతను అక్కడే కూలబడ్డాడు.

"నువ్వు చెప్పినందుకు కోపం లేదక్కా. తుపాకీ పేలేటప్పుడు ఒంటిగా ఉంటివే, అది తలచుకొనే ఏడ్చినాను."

"నేను కచేరీకి పోకుంటే, కుంటుకుంటైనా బతికుండును రా" అంది సౌందరం.

అతను మట్టిపెళ్లలను అరచేత్తో చిదిపాడు. అక్కాతమ్ముళ్లు పొద్దుగూకే దాకా ఆ మట్టి పక్కనే కూర్చున్నారు.